మన కొండ మీద, మన గాలితో ఒక పరీక్ష పెట్టండి

పుణె, నోయిడాల్లో వాతావరణాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే మోడళ్లు నడుపుతున్న శాస్త్రవేత్తలకు, తిరుపతి దగ్గర గాదంకిలో పై గాలిని కొలిచే రాడార్ దగ్గర పనిచేస్తున్నవారికి, ఈ పనులకు డబ్బు మంజూరు చేసే భూవిజ్ఞాన శాఖ, అంతరిక్ష శాఖ పెద్దలకు నమస్కారం.

నేను మదనపల్లె వైపు ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. వాతావరణ శాస్త్రంలో నాకు పట్టా లేదు. కానీ ఇక్కడి నుంచి తిరుపతి వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, భాకరాపేట ఘాట్ దిగేటప్పుడు కొన్ని రోజుల్లో ఒక వింత కనబడుతుంది. ఆషాఢంలో పడమటి గాలి ఈడ్చి కొడుతుంటుంది. చెట్లన్నీ ఒకే వైపు వంగి ఉంటాయి, మబ్బులు తరుముకుంటూ తూర్పుకు పోతుంటాయి. వాటి మధ్యలో, కొండ అంచుకు కాస్త అవతల, ఒక్క మబ్బు మాత్రం కదలదు. గాలి దానిలోంచి దూరి వెళ్లిపోతూనే ఉంటుంది, మబ్బు మాత్రం అక్కడే ఉంటుంది. పడమటి అంచున కొత్తగా పుడుతూ, తూర్పు అంచున కరిగిపోతూ నిలబడి ఉంటుంది. పదేళ్ల కిందట ఆ మబ్బును చూసి పుట్టిన ఆసక్తే ఇవాళ ఈ లేఖ రాయిస్తోంది.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మన కొండలు, మన వానాకాలపు గాలి, మన రాడార్ కొలతలు, ఈ మూడూ కలిపి కొండ అలల మీద, అంటే కొండ దాటిన గాలి పైకీ కిందికీ ఊగే అలల మీద, ఒక ప్రామాణిక పరీక్ష తయారు చేయండి. మీ మోడళ్లు ఆ పరీక్షలో ఎలా నిలబడ్డాయో అందరికీ కనబడేలా పెట్టండి. ఆ పరీక్షను కాలేజీ కంప్యూటర్ మీద కూడా నడుపుకునేంత చిన్నదిగా, తేటగా ఇవ్వండి.

పేరు గురించి ఒక్క మాట. వీటిని పుస్తకాల్లో వాతావరణ గురుత్వ తరంగాలు అంటారు. 2016 ఫిబ్రవరిలో అమెరికాలోని లైగో పరిశోధకులు కృష్ణబిలాల ఢీ నుంచి వచ్చిన తరంగాలను పట్టుకున్నామని ప్రకటించినప్పుడు మన పత్రికలు వాటికీ గురుత్వ తరంగాలు అనే పేరే వాడాయి. ఇంగ్లీషులో రెంటికీ వేరువేరు పేర్లున్నాయి, మనకు లేవు. అప్పటి నుంచి క్లాసులో ఆ మాట అనగానే పిల్లలు బ్లాక్ హోల్స్ గురించి అడుగుతారు. అందుకే నేను కొండ అలలు అంటున్నాను. ఇక్కడి కథలో ఐన్‌స్టీన్ లేడు. ఉన్నవి గాలి, కొండ, బరువు, అంతే.

గాలి కొండ ఎక్కేటప్పుడు చల్లబడుతుంది, చుట్టూ ఉన్న గాలి కంటే బరువవుతుంది. కొండ దాటగానే కిందికి జారుతుంది. జారిన ఊపులో తన మట్టం దాటి ఇంకా కిందికి పోతుంది. అక్కడ వేడెక్కి తేలికై మళ్లీ పైకి లేస్తుంది. నీళ్ల తొట్టిలో ఖాళీ బిందెను కిందికి నొక్కి వదిలితే పైకీ కిందికీ ఊగినట్టే. మామూలు రోజుల్లో మన మీది గాలిలో ఈ ఊగు ఒకసారి పూర్తి కావడానికి దాదాపు 10 నిమిషాలు పడుతుంది. ఆ 10 నిమిషాల్లో సెకనుకు 10 మీటర్ల గాలి 6 కిలోమీటర్లు పైచిలుకు ప్రయాణిస్తుంది. అంటే కొండ వెనక ఒక శిఖరానికీ మరో శిఖరానికీ మధ్య దూరం 6 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. గాలి, పొరల స్థితి మారేకొద్దీ ఇది 20 కిలోమీటర్ల దాకా పోవచ్చు.

ఈ 6 అనే అంకె దగ్గర కాసేపు ఆగుతాను. 2025 మే 26న భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అనే వాతావరణ అంచనా మోడల్‌ను దేశానికి అంకితం చేశారు. ఇలాంటి మోడళ్లు నేలను గడులుగా విడగొట్టి, గడికొక అంకె చొప్పున లెక్క కడతాయి. అంతకు ముందు 12 కిలోమీటర్ల గడులతో నడిచిన అంచనా, 6 కిలోమీటర్ల గడులకు వచ్చింది. పుణెలో అర్క కంప్యూటర్ మీద నడిచే ఈ మోడల్ మన దేశంలోనే తయారైంది. ఆ వార్త చదివిన రోజు నేను క్లాసు మధ్యలో ఆపి పిల్లలకు చెప్పాను. ఆ సంతోషం ఇప్పటికీ తగ్గలేదు. కానీ గడి 6 కిలోమీటర్లు, అల కూడా 6 కిలోమీటర్లు అయినప్పుడు ఏం జరుగుతుంది? ఒక్క చుక్క పెట్టి అల గీయమంటే ఎవరు గీయగలరు? అల అని గుర్తుపట్టాలంటే దాని మీద కనీసం ఆరేడు చుక్కలు పడాలి. అమెరికా శాస్త్రవేత్త స్కమరాక్ 2004లో, బాగా పేరున్న ఒక మోడల్‌ను పరీక్షించి, గడి దూరానికి దాదాపు 7 రెట్ల కంటే పొట్టి కదలికలను అది నమ్మకంగా చూపలేదని తేల్చారు. ఆ లెక్కన 6 కిలోమీటర్ల గడి నిజంగా చూడగలిగే అల 40 కిలోమీటర్ల పొడవైనది.

మా వైపు వాళ్లకు అర్థమయ్యేలా చెప్తాను. అలిపిరి నుంచి తిరుమల గుడి దాకా గీత గీసి కొలిస్తే ఏడెనిమిది కిలోమీటర్లకు మించదు. మనం 3,550 మెట్లు ఎక్కి చేరే ఎత్తంతా ఆ మోడల్‌లో ఒక గడికీ దాని పక్క గడికీ మధ్య ఒకే ఒక్క తేడా అంకె అవుతుంది. పైగా లెక్క గందరగోళం కాకుండా కొండలను ముందే కొంత నునుపు చేస్తారు కాబట్టి ఆ తేడా ఇంకా తగ్గిపోతుంది.

ఇది ప్రపంచంలో ఏ గ్లోబల్ మోడల్‌కైనా ఉన్న ఇబ్బందే. మోడల్ చూడలేని అలలను ఒక సూత్రంగా రాసి లోపల పెడతారు: ఈ కొండల మీద ఈ గాలి వీస్తే ఇంత ఊపు పైకి పోయి, ఫలానా ఎత్తులో గాలికి ఇంత బ్రేక్ వేస్తుందని. 1986లో పామర్, షట్స్, స్విన్‌బ్యాంక్ ఈ బ్రేక్ పెట్టకపోతే ఉత్తరార్ధగోళంలో చలికాలపు పడమటి గాలులు మోడళ్లలో మరీ జోరుగా వస్తాయని చూపించారు. గడి 100 కిలోమీటర్లున్న రోజుల్లో ఆ పద్ధతి తేలిగ్గా సరిపోయింది, అల మొత్తం సూత్రానిదే. గడి 6 కిలోమీటర్లకు వచ్చాక పొడవాటి అలలను మోడల్ తానే చూస్తుంది, పొట్టివాటిని చూడదు. మధ్యరకం అలలను సగం సగం చూస్తుంది. సూత్రాన్ని పాత లెక్కనే వదిలేస్తే ఒకే అలకు రెండుసార్లు బ్రేక్ పడుతుంది, పూర్తిగా తీసేస్తే అసలు పడదు. మీ మోడల్ ఎంత అలను తానే మోస్తోంది, ఎంత సూత్రానికి వదిలేస్తోంది? ఈ ప్రశ్నకు అంకెల్లో జవాబు చూడాలని నాకు ఎంతో ఉంది. చిన్న పరీక్ష ఎందుకు కావాలంటున్నానో అక్కడి నుంచే మొదలవుతుంది.

చిన్న పరీక్షల విలువ నాకు మా ల్యాబ్‌లోనే తెలిసింది. రెండేళ్ల కిందట పిల్లలతో కలిసి ఒక కోడ్ రాశాం. అడ్డం ఒకటి, నిలువు ఒకటి, రెండే దిక్కులు. మధ్యలో గంట ఆకారంలో 700 మీటర్ల కొండ. గడి అడ్డంగా 500 మీటర్లు, నిలువుగా 200 మీటర్లు. మీ మోడళ్లలో లాగే గడుల గీతలు కొండ వాలును అనుసరించి వంగుతాయి, పైకి పోయేకొద్దీ చదునవుతాయి. సాయంత్రం నడపడం మొదలుపెడితే ఆరు గంటల గాలి లెక్క తెల్లారేసరికి తేలేది.

అల కోసం తొందరపడకుండా ముందు గాలే లేకుండా నడపమని చెప్పాను. వేగం సున్నా. పొరలు ప్రశాంతంగా, ఒకదాని మీద ఒకటి. అలాంటప్పుడు కొండ ఉన్నా లేకపోయినా ఏమీ జరగకూడదు. మర్నాడు పొద్దున మూడో సంవత్సరం చదివే అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "సార్, గాలి సున్నా పెట్టాం కదా, కొండ పక్కన సెకనుకు మీటరున్నర గాలి వీస్తోంది. ఇదెక్కడి నుంచి వచ్చింది?" స్క్రీన్ మీద చూస్తే కొండకు రెండు వైపులా చక్కటి సుడులు. ఎవరైనా చూస్తే పగటిపూట కొండ వాలు మీద పుట్టే నిజమైన గాలి అనుకుంటారు. అంత నమ్మదగ్గట్టు ఉంది ఆ బొమ్మ.

కారణం పట్టుకోవడానికి మాకు వారం పట్టింది. గడి గీత వాలుగా ఉన్నప్పుడు, అడ్డంగా పీడనం ఎంత మారిందో తెలియాలంటే రెండు పెద్ద అంకెలు తీసివేయాలి. ఒకటి గీత వెంట పీడనం మారిన తీరు, రెండోది ఎత్తు మారినందుకు పీడనం మారిన తీరు. గాలి నిశ్చలంగా ఉంటే ఆ రెండూ చెల్లుకు చెల్లు కావాలి. కాగితం మీద అవుతాయి. గడుల లెక్కలో కొద్దిగా మిగిలిపోతాయి. లక్షల బాకీలో పైసల తేడా లాంటిది. కానీ గాలిని తోసేది ఆ పైసలే. నిశ్చలంగా ఉన్న గాలి పీడనాన్ని ముందే తీసేసి, మిగిలిన తేడాతో మాత్రమే లెక్క నడిపితే ఆ దొంగ గాలి సెకనుకు కొన్ని సెంటీమీటర్లకు పడిపోయింది. ఆ రోజు పిల్లల ముఖాలు చూడాల్సింది.

తర్వాత గాలి పెట్టాం, సెకనుకు 10 మీటర్లు. రెండు గంటలు దాటేసరికి తెర నిండా గళ్ల లుంగీ లాగా అలలు. అందరూ చప్పట్లు కొట్టారు. అందులో సగం అబద్ధం. కొండ నుంచి పైకి పోయిన అల, లెక్కకు మేం పెట్టిన 20 కిలోమీటర్ల పై కప్పుకు తగిలి తిరిగి కిందికి వచ్చింది. ఆకాశానికి కప్పు లేదు, కంప్యూటర్‌కు ఉంటుంది. 12 కిలోమీటర్ల పైన అలను మెల్లగా పీల్చేసే స్పాంజ్ లాంటి పొర పెట్టాక గళ్లు పోయి, పడమటి వైపు వాలిన చారలు మిగిలాయి. సరిపోయిందో లేదో చూడ్డానికి ఎలియాసెన్, పామ్ 1961లో ఇచ్చిన కొలబద్ద ఉంది: గాలి ఎక్కడా సున్నా కాకుండా, అల విరగకుండా పైకి పోతుంటే, అది మోసుకెళ్లే ద్రవ్యవేగం, అంటే గాలి ఊపు, అన్ని ఎత్తుల్లోనూ ఒక్కటే ఉండాలి. మాది 10 కిలోమీటర్ల దగ్గరికి వచ్చేసరికి నలభై శాతం తగ్గింది. అది మా లెక్క తినేసిన భాగం. బొమ్మ ఎంత అందంగా ఉన్నా ఆ ఒక్క గీత నిజం చెప్పేసింది.

ఇదంతా మీకు తెలియనిది కాదు. పెద్ద కేంద్రాల్లో కూడా పెద్ద తప్పులు బయటపడింది ఇలాంటి చిన్న పరీక్షల్లోనే అని గుర్తు చేయడానికి చెప్తున్నాను. అమెరికా జాతీయ వాతావరణ కేంద్రం ఏళ్ల తరబడి నడిపిన ఈటా మోడల్‌లో కొండను మెట్లు మెట్లుగా కట్టేవారు. మేం పడ్డ పీడనం తిప్పలు తప్పించుకోవడానికి అది తెలివైన దారే. 2000లో గాలస్, క్లెంప్ మా కొండ లాంటి నున్నటి గంట కొండను మెట్లుగా కట్టి చూశారు. గాలి కొండ దిగాల్సిన చోట వాలును అంటుకుని దిగకుండా మెట్టు అంచున విడిపోయింది. కొండ దిగుతూ జోరందుకునే గాలులను ఆ మోడల్ ఎందుకు పట్టుకోలేకపోతోందో దాంతో తెలిసింది. స్విట్జర్లాండ్‌లో షేర్ బృందం 2002లో 250 మీటర్ల చిన్న కొండల వరుస ఒకటి తీసుకుని, వంగిన గడుల గీతలు పై ఎత్తుల్లో కూడా కొండ ముడతలను మోసుకెళ్లి అలను ఎలా చెడగొడతాయో చూపించింది. దాని నుంచే గీతలను త్వరగా చదును చేసే కొత్త పద్ధతి వచ్చింది. ఇవాళ ఏ కొత్త మోడల్ తయారైనా ఆ కొండ మీద నడిపి చూపించడం ఆనవాయితీ.

అన్నిటికంటే పేరున్న పరీక్ష కొలరాడోలోని బౌల్డర్ ఊళ్లో వచ్చిన, వాన లేని గాలి తుఫానుది. 1972 జనవరి 11న రాకీ పర్వతాలు దిగిన గాలి ఆ ఊళ్లో సెకనుకు 50 మీటర్లకు మించి కొట్టింది. ఆ సమయంలో పరిశోధన విమానాలు కొండ మీద ఎగిరి అల ఆకారాన్ని కొలిచాయి. 2000లో డోయిల్, ఆయన సహచరులు 11 మోడళ్లను ఒకే గాలి, ఒకే కొండ ఇచ్చి పక్కపక్కన నిలబెట్టారు. పై ఎత్తుల్లో అల విరగడాన్ని అన్నీ దాదాపు ఒకే చోట పట్టుకున్నాయి. విరిగిన తీరు మాత్రం లెక్క పద్ధతిని బట్టి, కృత్రిమంగా కలిపే రాపిడిని బట్టి మారిపోయింది. ఎవరు గెలిచారు అన్నది అక్కడ ముఖ్యం కాలేదు. అందరి తప్పులూ ఒకే కాగితం మీద కనబడ్డాయి, అందరూ నేర్చుకున్నారు.

మన సమస్య ఇక్కడే మొదలవుతుంది. బౌల్డర్ గాలి మన గాలి కాదు.

కొలరాడో చలికాలంలో పడమటి గాలి కింది నుంచి 20 కిలోమీటర్ల దాకా పడమటి గాలే. ఆ రోజు గాలి సున్నాకు వచ్చిన మట్టం 21 కిలోమీటర్ల దగ్గర ఉంది. మన దక్షిణాదిలో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కింద పడమటి గాలి, పైన తూర్పు గాలి. దాదాపు 16 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి సెకనుకు 30, 40 మీటర్ల వేగంతో ఒక నది పారుతున్నట్టు ఉంటుంది. ఆ ఉష్ణమండల తూర్పు జెట్ గాలి గురించి 1958లో మొదట వివరంగా రాసింది మన తెలుగువారు పంచేటి కోటేశ్వరం. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యారు. కింద పడమర, పైన తూర్పు అయితే మధ్యలో ఎక్కడో గాలి సున్నా కావాలి. మన దగ్గర అది దాదాపు 6, 7 కిలోమీటర్ల ఎత్తు.

కొండ కదలదు కాబట్టి కొండ అల కూడా కదలదు. నిలబడ్డ అల, గాలి సున్నా అయిన మట్టాన్ని దాటి పోలేదు. 1967లో బుకర్, బ్రెతర్టన్ దీన్ని లెక్క కట్టి చూపించారు. అల ఆ మట్టం దగ్గరికి వచ్చేకొద్దీ నిలువుగా నలిగి పొట్టిదవుతుంది, నిటారవుతుంది, చివరికి విరిగి తన ఊపంతా అక్కడి గాలికి ఇచ్చేస్తుంది. మన వానాకాలంలో కొండ అలల కథ స్ట్రాటోస్ఫియర్ దాకా పోదు. మన నెత్తి మీద 6, 7 కిలోమీటర్ల దగ్గరే ముగుస్తుంది.

నలిగి పొట్టిదవుతుంది అన్నాను కదా, దాన్ని అంకెల్లో చూడండి. గాలి సెకనుకు 10 మీటర్లున్న చోట నిలువు అల పొడవు 6 కిలోమీటర్లు పైచిలుకు. 2 మీటర్లకు తగ్గిన చోట సుమారు 1,250 మీటర్లు. 1 మీటరుకు తగ్గిన చోట 630 మీటర్లు. మా 200 మీటర్ల పొరలతో అక్కడ అల మీద మూడే చుక్కలు పడ్డాయి. వానాకాలపు గాలి పెట్టి నడిపితే అల 5 కిలోమీటర్ల దగ్గరే నీరసించి మాయమైంది. అదే కోడ్‌ను 50 మీటర్ల పొరలతో, మూడు రాత్రుళ్లు నడిపాం. ఈసారి అల ఇంకో కిలోమీటరు పైదాకా వెళ్లి, నిటారై, విరిగింది. కొండ మారలేదు, గాలి మారలేదు, అడ్డం గడి కూడా మారలేదు. పొరల మందం ఒక్కటే మారింది.

చాలా అంచనా మోడళ్లలో ఆ ఎత్తున పొరకూ పొరకూ మధ్య దూరం కొన్ని వందల మీటర్లు ఉంటుంది. పత్రికలన్నీ 6 కిలోమీటర్ల గురించి రాశాయి. నిలువు పొరల గురించి ఎవరూ అడగలేదు. మన గాలికి ఆ ప్రశ్నే పెద్దదని నా నమ్మకం. బౌల్డర్ పరీక్షలో ఫస్ట్ క్లాసులో పాసైన మోడల్ మన ఆషాఢం గాలిలో ఎలా ఉంటుందో బౌల్డర్ చెప్పలేదు.

దీనివల్ల మనుషులకు ఏం ఒరుగుతుందని ఎవరైనా అడగవచ్చు. 1966 మార్చి 5న జపాన్‌లో ఫుజి పర్వతం దగ్గర ఒక ప్రయాణికుల విమానం కొండ గాలి అల్లకల్లోలంలో చిక్కి గాల్లోనే ముక్కలైంది, 124 మంది చనిపోయారు. మన కొండలు ఫుజి కావు, ఎవరినీ భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ చిన్న టర్బోప్రాప్ విమానాలు మామూలుగా ఎగిరేది 5 నుంచి 7 కిలోమీటర్ల మధ్య, మన అల విరిగేదీ ఆ దరిదాపుల్లోనే. వాన లెక్కకూ ఇది కావాలి. పశ్చిమ కనుమల ముందు గాలి ఎంత ఎత్తు నుంచి లేస్తుంది, శిఖరానికి ముందే లేస్తుందా దాటాక లేస్తుందా అన్నదాన్ని బట్టే ఏ తాలూకాలో ఎంత వాన పడుతుందో తేలుతుంది.

ఈ పని మనకు కొత్త కూడా కాదు. 1966లో భారత వాతావరణ శాఖకు చెందిన ఆర్.పి. సర్కార్ బొంబాయి, పుణెల మధ్య పశ్చిమ కనుమలను అడ్డంగా కోసినట్టు ఒక నమూనా తీసుకుని, వానాకాలపు తడి గాలి దాని మీద ఎలా లేస్తుందో, ఎంత వాన ఇస్తుందో లెక్క కట్టారు. అప్పటి కంప్యూటర్లకూ మీ అర్కకూ పోలికే లేదు. అయినా ఆయన మన కొండనే తీసుకున్నారు, మన గాలినే తీసుకున్నారు. ఆరు దశాబ్దాల తర్వాత మన పిల్లలు కొండ అలలు నేర్చుకోవాలంటే కొలరాడోకో ఆల్ప్స్‌కో పోవాల్సి రావడం నాకు బాధగా ఉంటుంది.

పైగా మన చేతిలో ఒక మంచి సాధనం ఉంది. గాదంకిలో 1,024 యాంటెన్నాలు, 32 వరుసల్లో వరుసకు 32 చొప్పున, 130 మీటర్ల చదరంలో నిలబడి 1990ల నుంచి ఆకాశం వైపు చూస్తున్నాయి. 53 మెగాహెర్ట్జ్ తరంగాన్ని నిటారుగా పైకి పంపి, ప్రతి 150 మీటర్ల ఎత్తుకూ గాలి పైకి పోతోందా కిందికి దిగుతోందా అన్నది నేరుగా కొలవగలదు. బెలూన్ ఆ పని అంత సూటిగా చేయలేదు, ఉపగ్రహమూ చేయలేదు. పిల్లలను తీసుకుని ఒకసారి చూడ్డానికి వెళ్లినప్పుడు మా అబ్బాయి ఒకడు ఆ యాంటెన్నాల కంచె పట్టుకుని, "సార్, మన అల నిజంగా దీని మీదుగా పోతుందా?" అని అడిగాడు. మదనపల్లె ఎత్తు 700 మీటర్ల దరిదాపు, గాదంకి 375 మీటర్లు. మధ్యలో కొండలు. పడమటి గాలి పీఠభూమి దిగి, ఆ కొండల మీదుగా గాదంకి వైపు వస్తుంది. పోతుంది అనే చెప్పాను. వాడికి ఆ అలను రాడార్ గీతలో చూపించాలని నాకుంది.

రాడార్ అంతరిక్ష శాఖది. మోడళ్లు భూవిజ్ఞాన శాఖవి. రెండూ మన డబ్బుతో నడిచేవే, రెంటిలోనూ పనిచేసేవాళ్లు ఒకరి పని ఒకరు ఎరిగినవాళ్లే. ఈ రెండు శాఖలూ కలిసి సంతకం పెట్టిన ఒక చిన్న పరీక్ష కావాలి. అందులో ఏం ఉంటే బాగుంటుందో నాకు తోచింది చెప్తాను, తప్పయితే దిద్దండి.

కొండ కోతలు రెండు చాలు. ఒకటి సర్కార్ దారిలో బొంబాయి నుంచి పుణె వైపు. రెండోది మదనపల్లె నుంచి గాదంకి మీదుగా తూర్పు మైదానం దాకా. ఒక్కో 500 మీటర్లకు ఎత్తు ఎంతో మామూలు టెక్స్ట్ ఫైలులో ఇవ్వండి. గాలికి జూలై నెలలో వాన లేని నాలుగైదు రోజులు ఎంచండి, ఎందుకంటే ఉరుముల మబ్బులు లేస్తే రాడార్‌లో కొండ అలకూ వాటి కదలికకూ తేడా పట్టడం కష్టం. ఆ రోజుల బెలూన్ కొలతలు కింది నుంచి 25 కిలోమీటర్ల దాకా ఇవ్వండి. తడి గాలితో ఒకటి, పొడి గాలి అనుకుని ఒకటి, రెండు రకాలుగా నడపమని చెప్పండి. మబ్బు కట్టేటప్పుడు వెలువడే వేడి పొరల పట్టును సడలిస్తుంది, అలను బలహీనం చేస్తుంది. మన దగ్గర దాన్ని వదిలేస్తే సగం కథ వదిలేసినట్టే.

రాడార్ నిలువు గాలిని గంట గంట సగటుగా ఇస్తే చాలు. దానితో పాటు తప్పు ఎంత ఉండవచ్చో కూడా రాయండి. రాడార్ చూపు నిట్టనిలువు నుంచి ఒక్క డిగ్రీ పక్కకు జరిగినా, 10 మీటర్ల అడ్డగాలి నుంచి సెకనుకు 17 సెంటీమీటర్లు దొంగతనంగా నిలువు గాలిలో కలుస్తాయి. ఇది మా పిల్లలకు చెప్పాల్సిన పాఠాల్లో మొదటిది. కొలతకు కూడా మోడల్ లాగే తప్పు ఉంటుందని వాళ్లు చిన్నప్పుడే చూడాలి.

ఇక మీ మోడళ్ల వంతు. ప్రతి మోడల్ నుంచి మూడు బొమ్మలు అడుగుతున్నాను. గాలి లేకుండా నడిపినప్పుడు ఎంత దొంగ గాలి పుట్టింది. గాలితో నడిపినప్పుడు ద్రవ్యవేగం ఎత్తుతో పాటు ఎలా మారింది, అందులో మోడల్ తాను చూసింది ఎంత, సూత్రం ఇచ్చింది ఎంత. గాలి సున్నా అయ్యే మట్టం దగ్గర పొరలను సగానికి తగ్గిస్తే అల విరిగే ఎత్తు ఎంత జరిగింది. బాగా రాని బొమ్మలను కూడా దయచేసి దాచకండి. మా మొదటి దొంగ గాలి బొమ్మను మేం ఫ్రేమ్ కట్టించి ల్యాబ్ గోడకు పెట్టుకున్నాం. కొత్తగా చేరిన ప్రతి బ్యాచ్‌కూ ముందు దాన్నే చూపిస్తాం.

ఖర్చు గురించి మీరు ఆలోచించనక్కర్లేదు అనుకుంటున్నాను. రెండు దిక్కుల లెక్క మీ కంప్యూటర్లకు టీ తాగేంత సేపటి పని. సమయం పట్టేది మంచి రోజులు ఎంచడానికి, కొలతలు శుభ్రం చేయడానికి. ఆ పనిలో చేతులు కావాలంటే మా దగ్గర ఉన్నాయి. మా కాలేజీలోనే ఈ ఏడాది తొమ్మిది మంది పిల్లలు ఈ కోడ్ మీద పనిచేస్తున్నారు. వాళ్లలో ఐదుగురు పల్లెల నుంచి రోజూ బస్సులో వచ్చిపోతారు. వాళ్లకు ఉద్యోగ హామీలు అడగడం లేదు, గ్రాంటూ అడగడం లేదు. వాళ్లు చూస్తూ పెరిగిన కొండ ఒక ఫైలులో అంకెలుగా, దాని మీది గాలి మరో ఫైలులో, రాడార్ చూసింది మూడో ఫైలులో కావాలి.

కాలేజీ జూన్‌లో తెరుస్తాం. కంప్యూటర్లు అప్పటికి సర్వీసు చేయించి పెడతాను. ఫైళ్లు ఏ రోజు వస్తే ఆ రోజు సాయంత్రమే మదనపల్లె గాలిని పెట్టి, పొరలు 50 మీటర్లకు తగ్గించి, నడపడం మొదలుపెడతాం.

ఇట్లు
మదనపల్లె ప్రాంతపు ఒక డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ అధ్యాపకుడు, ఆయన విద్యార్థులు